అతని కొరకు పూచీ ఎవరు?

"పుట్టుకతో వచ్చిన బుద్ధి పుడకలతో గాని పోదు" అనే సామెత వినని తెలుగు ఇల్లు ఉండదు. క్రైస్తవ గృహాలలో కూడ ఇది ధారాళంగానే వాడుకలో ఉంది. త్రాగుడు మానేశానని చెప్పి గుడికి వస్తున్న యౌవనస్థుణ్ణి చూచినప్పుడు దీన్నే అంటాం. ఒకప్పుడు అప్పు ఎగవేసిన సహోదరుడు ప్రార్థన చేయడానికి లేచి నిలబడితే, నోటితో అనకపోయినా, మనసులో దీన్నే అనుకుంటాం. ఇంటికి వచ్చిన క్రొత్తలో కోడలు విసుగుతో అన్న ఒక్క మాటను ఇరవై ఏళ్లు దాచిపెట్టుకొని, ఆమె ఏమి చేసినా ఆ మాటతోనే ముడిపెట్టే అత్తగారికి కూడ ఈ సామెతే ఆధారం.

ప్రియ పాఠకులారా, ఒక్క నిమిషం ఆలోచించండి. ఈ సామెత నిజమైతే సువార్త అబద్ధం. మనిషి బుద్ధి పుడకలదాకా మారదంటే క్రొత్త జన్మ అనే మాటకు అర్థమే లేదు. ఆదివారం ఉదయం మారుమనస్సును గురించి పాటలు పాడి, మధ్యాహ్నం భోజనాల దగ్గర ఈ సామెత చెప్పుకునేవారు రెండు నమ్మకాలతో కాపురం చేస్తున్నారన్న మాట.

చాలా సంఘాలలో ఆరాధన ముగిసిన తరువాత రెండవ కూడిక ఒకటి జరుగుతుంది. దానికి ప్రకటన ఉండదు, కానుక పట్టరు. గుడి బయట చెట్టు క్రింద, చెప్పులు వెదుక్కుంటూ, పిల్లల కోసం ఎదురు చూస్తూ జరిగే కూడిక అది. "ఆ వచ్చినాయన ఎవరు? వాళ్ల నాయన సంగతి తెలియదా మీకు?" అంటూ మొదలవుతుంది. ఈ మధ్య ఈ కూడిక చాలవరకు వాట్సాప్‌లోకి మారి వారమంతా నడుస్తోంది. "ప్రార్థనాంశం" అని పైన వ్రాసి క్రింద ఒకరి పరువు తీసే సందేశాలు అందరం చూస్తున్నవే.

ఇతరులను కృపతో చూడాలని ప్రసంగాలలో వింటూనే ఉంటాం. కాని కృపతో చూడడం అంటే ఏమిటి? చిరునవ్వుతో పలకరించడమా? తప్పును చూచీ చూడనట్లు ఊరుకోవడమా? పరిశుద్ధ గ్రంథంలో ఈ చూపు ఎలా ఉంటుందో స్పష్టంగా చూపించిన మనిషి ఒకడున్నాడు. ఆయన పేరున పత్రిక ఒక్కటి కూడ లేదు. ఆయన చేసిన ప్రసంగం ఒక్కటైనా పూర్తిగా మనకు దొరకదు. ఆయన కుప్ర ద్వీపంలో పుట్టిన లేవీయుడు. అసలు పేరు యోసేపు. అపొస్తలులు ఆయనకు పెట్టిన పేరు బర్నబా.

మొదట విన్నాడు

యెరూషలేము సంఘంలో బర్నబా మొదటిసారి కనిపించేది తన భూమిని అమ్మి ఆ డబ్బు తెచ్చి అపొస్తలుల పాదాల యొద్ద పెట్టినప్పుడు (అపొ. కార్య. 4:36-37). ఈ పొలం సంగతి గుర్తుంచుకోండి, తరువాత మనకు పనికివస్తుంది.

రెండవసారి ఆయన కనిపించేటప్పటికి సంఘం భయంతో ఉంది. తార్సువాడైన సౌలు యెరూషలేముకు తిరిగి వచ్చాడు. స్తెఫనును రాళ్లతో కొట్టినవారి వస్త్రాలకు కాపలా ఉన్నవాడు. ఇంటింటా చొరబడి పురుషులను స్త్రీలను ఈడ్చుకొనిపోయి చెరసాలలో వేయించినవాడు. ఇప్పుడు తానూ శిష్యుడనే అంటున్నాడు. ఎవరు నమ్ముతారు? నమ్మలేదు (9:26). వారిని తప్పు పట్టడానికి లేదు. భర్తను చెరసాలలో పోగొట్టుకున్న సహోదరి ఆ సంఘంలో ఉండే ఉంటుంది. ఆ మనిషి ప్రక్కన కూర్చొని రొట్టె విరవమంటే ఆమె చేతులు వణకవా?

అప్పుడు బర్నబా సౌలును చేరదీసి అపొస్తలుల యొద్దకు తోడుకొని వెళ్లాడు. వెళ్లి ఏమి చెప్పాడో గమనించండి. "పాపం, మంచివాడులెండి, ఒక అవకాశం ఇద్దాం" అనలేదు. దారిలో ప్రభువు ఇతనికి ఎలా కనబడ్డాడో, ఏమి మాట్లాడాడో, దమస్కులో ఇతడు యేసు నామమున ఎంత ధైర్యంగా బోధించాడో వివరంగా చెప్పాడు (9:27). ఈ వివరాలు ఆయనకు ఎలా తెలిశాయి? సౌలును కూర్చోబెట్టి ఎవరో ఒకరు ముందుగా అడిగి, విని ఉండాలి కదా. యెరూషలేములో అందరూ సౌలును గురించి మాట్లాడుకుంటున్న రోజులలో సౌలుతో మాట్లాడినవాడు బర్నబా.

కృపగల చూపుకు మొదటి మెట్టు ఇదేనని నా అభిప్రాయం. ఇది జాలి కాదు, వినడం. ఒక మనిషిని గురించి మనకు తెలిసినదంతా ఇతరుల నోటి నుండే వచ్చిందంటే, మనం ఆ మనిషిని ఇంకా చూడనే లేదు.

రెండవ మెట్టు కష్టమైనది. బర్నబా సౌలును వెంటబెట్టుకొని వెళ్లినప్పుడు తన పేరును అతని పేరు ప్రక్కన పెట్టాడు. మన ఊళ్లలో అప్పు పత్రం మీద పూచీకత్తు సంతకం పెట్టిన ప్రతివానికీ ఆ సంగతి తెలుసు. తీసుకున్నవాడు పారిపోతే అప్పు మన నెత్తిన పడుతుంది. సౌలు గూఢచారి అని తేలితే, సంఘం ముందు తలవంచుకోవలసినవాడు బర్నబా. అయినా పూచీ పడ్డాడు.

ఆయన ఏమి చూచాడు?

తరువాత అంతియొకయ నుండి యెరూషలేముకు ఒక కబురు వచ్చింది. అక్కడ కొందరు యూదులు కాని గ్రీసు దేశస్థులకు కూడ సువార్త చెప్పారట, అనేకులు నమ్మారట. చూచి రమ్మని సంఘం బర్నబాను పంపింది.

ఇలాంటి పని మీద వెళ్లేవారిని మనం ఎరుగుదుము. తనిఖీకి వచ్చిన అధికారి లోపాలు లేకుండా తిరిగి వెళ్తే పని చేయనట్లే లెక్క. అంతియొకయలో లోపాలు లేకపోలేదు. వాళ్లకు ధర్మశాస్త్రం తెలియదు, తిండి వేరు, అలవాట్లు వేరు, నిన్నటిదాకా విగ్రహాలకు మ్రొక్కినవారు. బర్నబా పుస్తకం నిండా వ్రాసుకొని వెళ్లవచ్చును. కాని ఆయన అక్కడికి వచ్చి చూచినది దేవుని కృపను అని లూకా వ్రాశాడు. చూచి సంతోషించాడు (11:23). కృప కంటికి కనబడే వస్తువా? కాదు. మనుష్యులలో అది చేస్తున్న పని కనబడుతుంది, చూడదలచుకున్నవానికి.

ఆ తరువాత ఆయన చేసిన పని ఇంకా గొప్పది. ఆ సంఘానికి బోధకుడు కావాలని గ్రహించి, తానే పెద్దరికం చేస్తూ కూర్చోకుండా తార్సుకు వెళ్లి సౌలును వెదకి పట్టుకొచ్చాడు. ఇద్దరూ కలిసి ఒక సంవత్సరమంతా అక్కడ బోధించారు. అపొస్తలుల కార్యములలో మొదట "బర్నబాయు సౌలును" అని ఉండే వరుస, 13వ అధ్యాయం నుండి క్రమంగా "పౌలును బర్నబాయు" అని మారిపోతుంది. తాను చేరదీసినవాడు తనకంటే ముందుకు వెళ్లాడు. దాని గురించి బర్నబా నొచ్చుకున్నట్లు ఎక్కడా లేదు. తాము చేయిపట్టి పైకి తెచ్చినవారు ఎదిగితే ఓర్చుకోలేని పెద్దలు ఏ సంఘంలో లేరు?

అయితే బర్నబాను దేవదూతను చేయవద్దు. ఆయన కూడ ఒక చోట తడబడ్డాడు. అది భోజనపు బల్ల దగ్గర. యెరూషలేము నుండి కొందరు రాగానే, అంతవరకు అన్యజనులతో కలిసి తింటూ వచ్చిన కేఫా వెనుకకు తగ్గాడు. మిగిలిన యూదులూ తగ్గారు. వారితోపాటు బర్నబా సైతం కొట్టుకొనిపోయాడని పౌలు బాధతో వ్రాశాడు (గలతీ. 2:11-13). అంత విశాలమైన చూపుగలవాడు కూడ ఎవరితో కలిసి తినాలన్న ప్రశ్న వచ్చేసరికి పదిమందితోపాటు జారిపోయాడు. ఈ మాట చదివినప్పుడు తెలుగు క్రైస్తవుని మనసు అంతియొకయ దగ్గర ఆగదు, ఇక్కడికే వస్తుంది.

ఒంగోలులో ఒక నిర్ణయం

1866లో అమెరికన్ బాప్తిస్టు మిషనరీ జాన్ ఎవరెట్ క్లౌ దొరగారు ఒంగోలులో కాపురం పెట్టారు. అప్పటికి ఆ తెలుగు మిషను పని మొదలై ముప్పై సంవత్సరాలయింది. ఫలితం లేదని, మూసివేద్దామని అమెరికాలో ఒకటికి రెండుసార్లు చర్చ కూడ జరిగింది. అలాంటి సమయంలో ఒంగోలులో పై కులాలవారు కొందరు క్లౌ దంపతులకు దగ్గరయ్యారు. తమ పిల్లలను బడికి పంపారు, బోధ విన్నారు. మిషనుకు ఇంతకంటే కావలసినదేముంది?

సరిగ్గా అప్పుడే యెర్రగుంట్ల పేరయ్య అనే మాదిగ విశ్వాసి ద్వారా పల్లెల నుండి జనం కదిలారు. పేరయ్య తోళ్ల వర్తకం మీద తిరిగినవాడు, సువార్త విని నమ్మి, తన బంధువులకు ఊరూరా చెప్పినవాడు. ఆయన మూలంగా నమ్మినవారు బాప్తిస్మం కోసం వచ్చారు. ఒంగోలు పెద్దలు దొరగారితో తేల్చి చెప్పారు: వీళ్లను చేర్చుకుంటే మేము రాము, మా పిల్లలూ రారు.

క్లౌ దొరగారు గొప్ప సందిగ్ధంలో పడ్డారు. ఆయన మరణించిన తరువాత 1914లో వెలువడిన ఆయన స్వీయచరిత్రలో ఈ సంగతి ఉంది. ఆయనా, ఆయన భార్య హారియెట్ అమ్మగారూ, ఎవరి గదిలో వారుండి, ఒకరికొకరు చెప్పుకోకుండానే, కొరింథీయులకు వ్రాసిన మొదటి పత్రిక మొదటి అధ్యాయంలో ఒకే భాగం తెరిచారు. లోకం నీచులుగా ఎంచినవారిని దేవుడు ఏర్పరచుకున్నాడని పౌలు చెప్పే భాగం అది (1:26-29). తరువాత ఒకరికొకరు చెప్పుకొని ఆశ్చర్యపోయారు. పల్లెలవారిని చేర్చుకున్నారు. పై కులాల పిల్లలు బడి వదలి వెళ్లిపోయారు.

1867 జనవరి 1న ఒంగోలు సంఘం ఏర్పడినప్పుడు సభ్యులు ఎనిమిది మంది. 1876 నుండి 1878 వరకు దక్షిణ దేశాన్ని పీడించిన ఘోరమైన కరవులో దొరగారు బకింగ్‌హాం కాలువ త్రవ్వకంలో కొంత భాగం కాంట్రాక్టు తీసుకొని వేలమందికి కూలి పని కల్పించారు. ఆ సహాయపు పని సాగుతున్న కాలంలో బాప్తిస్మాలు ఇవ్వలేదు. కూటి కోసం వచ్చారన్న మాట రాకూడదని ఆయన పట్టుదల. కరవు సహాయం ఆగిన తరువాత కూడ జనం వస్తూనే ఉన్నారు. 1878 జూలై 3న వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మ నదిలో ఒక్క రోజే 2,222 మందికి బాప్తిస్మం ఇచ్చారు. నీళ్లలోకి దిగి ఇచ్చినది దొరగారు కాదు, తెలుగు బోధకులే.

ఈ చరిత్రను మనం శతజయంతులలో గర్వంగా చెప్పుకుంటాం. చెప్పుకోవలసినదే. కాని క్లౌ దంపతులు నిర్ణయం తీసుకున్న రోజున 2,222 అనే అంకె వాళ్ల ముందు లేదు. వాళ్ల ముందున్నది ఖాళీ కాబోతున్న బడి, మురికి బట్టలతో దూరం నుండి నడిచి వచ్చిన కొద్దిమంది మనుష్యులు. వాళ్లను చూచినప్పుడు "ఎక్కడివాళ్లు, ఏమి కులం" అన్నది కాక "దేవుడు వీరిలో ఏమి ప్రారంభించాడు" అన్నది కనబడింది.

ఇక ఇప్పటి సంగతి. ఆ గుండ్లకమ్మ నీళ్లలో మునిగినవారి మనుమలు మునిమనుమలు ఎందరో చదువుకున్నారు, ఉద్యోగాలు చేస్తున్నారు. అబ్బాయికి సంబంధం చూడాలంటే మొదటి ప్రశ్న ఏది? రక్షణ సాక్ష్యమా? పెండ్లి సంబంధాల ప్రకటనలు చదివినవారికి జవాబు చెప్పనక్కరలేదు. మాలలకొక సంఘం, మాదిగలకొక సంఘం, పై కులాల నుండి వచ్చినవారికి ముందు వరుసలో కుర్చీ అన్న ఊళ్లు నేటికీ ఉన్నాయి. బంగారు ఉంగరం పెట్టుకున్నవానికి మంచి చోటు చూపించడాన్ని గురించి యాకోబు తన పత్రిక రెండవ అధ్యాయంలో వ్రాసినది మన సంఘాలను చూచి వ్రాసినట్లే ఉంటుంది. కృపను గురించి ఎంత బోధించినా, ఈ ఒక్క చోట మనం అంతియొకయలో బర్నబాలాగే పదిమందితోపాటు కొట్టుకొనిపోతున్నాం.

సగంలో తిరిగి వెళ్లినవాడు

మరల బర్నబా దగ్గరకు వద్దాం. మొదటి సువార్త ప్రయాణంలో మార్కు అనే మారుపేరుగల యోహాను వారికి సహాయకుడుగా వెళ్లాడు. ఇతడు బర్నబాకు దగ్గరి బంధువు. యెరూషలేములో ఇతని తల్లి మరియ ఇంటనే విశ్వాసులు ప్రార్థనకు కూడుకునేవారు. కుప్ర దాటి పంఫూలియలోని పెర్గేకు చేరగానే మార్కు వారిని విడిచి యెరూషలేముకు తిరిగి వెళ్లిపోయాడు (అపొ. కార్య. 13:13). ఎందుకు? లూకా కారణం వ్రాయలేదు. మన రెండవ కూడికలోనైతే నాలుగు కారణాలు సిద్ధంగా ఉండేవి: తల్లి చాటు బిడ్డ, డబ్బున్న ఇంటి పిల్లవాడు, దోమలకు భయపడ్డాడు, పౌలు పెత్తనం నచ్చలేదు. లూకా మౌనం చూచి నేర్చుకోవలసినది ఉంది.

రెండవ ప్రయాణానికి బయలుదేరేటప్పుడు మార్కును మళ్లీ తీసుకువెళ్దామని బర్నబా. వద్దని పౌలు. వాదం ఎంత తీవ్రమైందంటే, ఇద్దరూ వేరై చెరొక దారిన వెళ్లిపోయారు (15:36-40). పౌలు వాదనలో న్యాయం లేదనలేం. ముందు రాళ్లదెబ్బలున్నాయి, చెరసాలలున్నాయి. పని మధ్యలో విడిచిపోయినవాణ్ణి నమ్ముకొని ఎలా వెళ్లడం? పౌలు పనిని చూచాడు. బర్నబా మనిషిని చూచాడు. కాని ఒక్కటి అడగాలనిపిస్తుంది. యెరూషలేములో ఎవ్వరూ నమ్మని రోజున బర్నబా పూచీ పడకపోతే పౌలు ఎక్కడుండేవాడు?

బర్నబా మార్కును వెంటబెట్టుకొని కుప్రకు ఓడ ఎక్కాడు. అపొస్తలుల కార్యములలో బర్నబా కథ అంతటితో సరి. సుమారు పదేళ్ల తరువాత పౌలు చెరసాలలో నుండి కొలొస్సయులకు వ్రాసిన పత్రిక చివర వందనాల దగ్గర ఒక చిన్న వాక్యం వస్తుంది. మనం సాధారణంగా పేర్ల పట్టిక అని దాటేసే చోటు అది. మార్కు వందనములు చెప్పుచున్నాడని వ్రాసి, అతడు మీ యొద్దకు వస్తే చేర్చుకొనుడని పౌలు సంఘానికి సిఫారసు చేస్తున్నాడు (కొలొ. 4:10). ఒకనాడు వెంట తీసుకువెళ్లనన్నవాని కోసం ఈనాడు పౌలే పూచీ పడుతున్నాడు.

దాని పై వచనంలో ఎవరి పేరుందో చూడండి. ఒనేసిము. యజమాని ఫిలేమోను ఇంటి నుండి వచ్చేసిన దాసుడు. ఇతని కోసమే పౌలు మరొక చిన్న ఉత్తరం వ్రాశాడు. అందులో, ఇతడు నీకేమైనా నష్టం చేసినా, అచ్చియున్నా, అది నా లెక్కలో వేయి, నేను తీరుస్తాను అని తన స్వహస్తంతో వ్రాసి ఇచ్చాడు (ఫిలే. 18-19). అక్షరాలా పూచీకత్తు! అదే ఉత్తరం చివర తన జతపనివారి పేర్లలో మార్కు పేరు కూడ ఉంది (24). ఒకప్పుడు పనికిరానివాడైన ఒనేసిము ఇప్పుడు ప్రయోజనకరమైనవాడని అక్కడ వ్రాసిన పౌలు, మరణానికి సిద్ధపడుతూ తిమోతికి వ్రాసిన పత్రికలో మార్కును గురించి కూడ అదే మాట వాడాడు (2 తిమో. 4:11). గ్రీకులోనూ అదే మాట. మార్కును వెంటబెట్టుకొని రమ్మని అడిగాడు.

సగంలో తిరిగి వెళ్లిన ఈ యౌవనస్థుడే మార్కు సువార్తను వ్రాసినవాడని ఆది సంఘపు సాక్ష్యం. అందరూ పౌలులాగే తీర్మానించి ఉంటే ఏమయ్యేదో ఊహించుకోండి.

ఎవరి పొలం అమ్మాలి?

ఇక్కడ ఒక హెచ్చరిక అవసరం. కృప అనే మాటను మన సంఘాలలో చాలా అన్యాయంగా వాడుతున్నారు. భర్త కొట్టగా దెబ్బలతో వచ్చిన సహోదరిని "కృప చూపించాలమ్మా, సర్దుకుపో" అని అదే రాత్రి ఆ ఇంటికే పంపించే పెద్దలున్నారు. చిన్నపిల్లల పట్ల చెడుగా ప్రవర్తించిన మనిషిని, సంఘం పేరు పోతుందని, క్షమించామని చెప్పి మళ్లీ సండేస్కూలు అప్పగించే చోట్లున్నాయి. ఇది కృప కాదు. బర్నబా పొలం గుర్తుందా? ఆయన అమ్మినది తన పొలం. పూచీ పడేవాడు తన ఆస్తి పెట్టాలి, ప్రక్కవానిది కాదు. దెబ్బలు తినేది ఆమె అయినప్పుడు, పెద్దలు దయగలవారుగా పేరు తెచ్చుకోవడం మోసం. ఆమెకు ముందు భద్రత కావాలి, అవసరమైతే పోలీసులు కావాలి. పిల్లల విషయంలో ఇక ఆలోచించనే అక్కరలేదు, చట్టానికి చెప్పి తీరాలి. తప్పు చేసినవాని ఆత్మ కోసం ప్రార్థించవద్దని ఎవరూ అనరు. ఆ ప్రార్థన ఖర్చు బాధితుల మీద వేయకూడదు.

అలాగే కానుకల డబ్బు వాడుకున్న సహోదరుడు ఒప్పుకొని తిరిగి వచ్చాడనుకోండి. చేర్చుకోవాలి. ప్రక్కన కూర్చోవాలి, ఇంటికి భోజనానికి పిలవాలి. కాని పెట్టె తాళంచెవి వెంటనే ఇవ్వనక్కరలేదు. అది అతనికీ మేలు కాదు. బర్నబా మార్కును ఒంటరిగా ఏ కొత్త దేశానికో పంపలేదు. తనతోపాటు, తనకు బాగా తెలిసిన కుప్రకు తీసుకువెళ్లాడు.

ఇంటి సంగతి మరచిపోవద్దు. బయటివారిని కృపతో చూడడం కొంత సులభం, ఇంటిలోనివారిని చూడడమే కష్టం. పరీక్ష తప్పిన కుమారుణ్ణి ప్రతి పండుగనాడూ బంధువుల ముందు అదే పేరుతో పిలిచే తండ్రి, ఆ పిల్లవాని పెర్గే ఊరిని వాని మెడకు కట్టి తిప్పుతున్నాడు. ఇష్టపడి పెండ్లి చేసుకున్న కుమార్తెతో ఏళ్ల తరబడి మాట్లాడని తల్లిదండ్రులు సంఘంలో సమాధానాన్ని గురించి సాక్ష్యం చెబుతారు. వారిని తీర్పు తీర్చడం నా ఉద్దేశం కాదు. వారి నొప్పి నిజమైనదే. ఆ కుమార్తెను గురించి మీకు ఇప్పుడు తెలిసినది ఎవరి నోటి నుండి తెలిసింది, ఆమె నోటి నుండేనా అని మాత్రం అడగాలనిపిస్తుంది.

నాకు తెలిసిన ఒక పల్లె సంఘంలో, త్రాగుడు వల్ల భార్యాబిడ్డలు విడిచిపోయిన ఒకతను మళ్లీ గుడికి రావడం మొదలుపెట్టాడు. చివరి వరుసలో, గుమ్మం ప్రక్కన కూర్చునేవాడు. ఎవరూ వెళ్లగొట్టలేదు, ఎవరూ దగ్గరకూ రాలేదు. కూరగాయలు అమ్ముకొనే ఒక అవ్వ మాత్రం నెల రోజులు చూచి ఒకనాడు పాస్టరుగారి దగ్గరకు వెళ్లింది. "అయ్యగారూ, వీడికి చాపలు పరిచే పని ఇవ్వండి" అంది. పాస్టరుగారు సందేహించారు. ఆ చాపలు క్రొత్తవి, చందాలు వేసి కొన్నవి. "అమ్ముకొని త్రాగితే ఆ డబ్బు నేను కట్టుకుంటాను, నా పేరు వ్రాసుకోండి" అంది అవ్వ.

అతను ఆరు నెలలు చాపలు పరిచాడు. తరువాత ఒక పండుగకు జారిపోయాడు. మూడు ఆదివారాలు కనబడలేదు. చెట్టు క్రింద సామెత మళ్లీ వినబడింది. నాలుగవ ఆదివారం అవ్వ వాళ్ల ఇంటికి వెళ్లి అతన్ని లేపి, ముఖం కడిగించి, వెంటబెట్టుకొని వచ్చింది. అతను లేని ఆ మూడు వారాలూ చాపలు ఆవిడే పరిచింది.